లింగమూర్తి వండిన చింతచిగురు

జ్వరం దిగిపోయింది గానీ జ్యోతికి అన్నం దిగడం లేదు. ముద్ద నోటి దాకా వెళ్లగానే తల తిప్పేస్తుంది. "ఇంటి తిండి ఏదైనా పెట్టొచ్చు, ముందైతే తిననియ్యి. తినకుంటే మళ్లీ తీసుకొచ్చి సెలైన్ ఎక్కించాల్సిందే" అని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి లింగమూర్తికీ ముద్ద సహించడం లేదు.

ఆయనది సిద్దిపేట వైపు ఊరు. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా పని, హఫీజ్‌పేట్‌లో కిరాయి గది. భార్యాభర్తలు ఇద్దరే. జ్యోతి ఏనాడూ ఆయన్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆమె మంచాన పడ్డాక పక్కింటివాళ్లు పంపే జావతోనే పొద్దు గడుస్తోంది.

ఆదివారం పొద్దున లింగమూర్తి రాత్రి డ్యూటీ అయిపోకముందే తోటి గార్డు శేఖర్ గేటు దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నువ్వు పో. రైతుబజారుల తాజా మాలు దిగుతది. వదినకు నచ్చేది ఏదన్న కొనుక్కపో."

అడగకుండానే అందిన ఆ సాయానికి లింగమూర్తి మనసులో కొమురెల్లి మల్లన్నకు దండం పెట్టుకున్నాడు. మనిషికి అంత దయ ఇచ్చేది ఆ స్వామే కదా.

బజారంతా ఎండాకాలపు వాసన. పండిన కర్బూజలు, పచ్చి మామిడికాయలు, అప్పుడే ఒలిచిన తాటిముంజలు. ఏది చూసినా 'ఇది తింటుందా' అన్న బెంగే. చివర గోనెసంచి పరుచుకుని సక్కుబాయి అనే ముసలామె లేత చింతచిగురు అమ్ముతోంది.

"ఏం బిడ్డా, గట్ల నిలబడ్డవ్? ఇంట్ల కొట్లాటనా?"

"లేదవ్వా. నా భార్యకు జరమొచ్చి తగ్గింది. నోరు చేదంటది, ఏం తింటలేదు."

"గిది పప్పుల ఎయ్యి. సచ్చిన నాలుక లేచొస్తది." తూచాక ఇంకో పిడికెడు సంచిలో పోసింది. "గిది నా బిడ్డకు. ఇంతకూ వండేదెవరు?"

"నేనే."

"వస్తదా?"

"ఎందుకు రాదు?" అన్నాడు, పౌరుషం అడ్డొచ్చి.

ఇంటికొచ్చి స్నానం చేసి, పటం ముందు దీపం పెట్టి, స్టవ్ వెలిగించాడు. కందిపప్పు, చిగురు, నీళ్లు ఒకేసారి గిన్నెలో పోసి మూత పెట్టాడు. ఎంతసేపు చూసినా పప్పు పలుకు పలుకుగానే ఉంది. నీళ్లు పోశాడు, మంట పెంచాడు. చెమటలు కారిపోతున్నాయి.

మంచం మీది నుంచి జ్యోతి గొంతు వినిపించింది. "ఏమయ్యా, చింతచిగురా?"

"ఆఁ."

"పప్పు ఉడికినంకనే ఏసినవ్ గదా?"

లింగమూర్తి మూత తీసి మళ్లీ గిన్నెలోకి తొంగిచూశాడు.

"అయ్యో దేవుడా! పులుపు పడ్డంక పప్పు ఉడుకుతదా? రేపటిదాంక మండబెట్టినా అవి గులకరాళ్లే!"

నవ్వింది. నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ మళ్లీ నవ్వింది. గోడ పట్టుకుని మెల్లగా లేచి వచ్చి స్టవ్ పక్కన పీట మీద కూర్చుంది.

"పైన పుల్లనీళ్లు వేరే గిన్నెల ఒంపు. ఎల్లిపాయలు దంచు. జర మెల్లగ, గిన్నె నా మీద పడేస్తవా ఏంది?"

చెప్పినట్టే చేశాడు. పోపు చుయ్యిమంది. వేడన్నంలో ఆ పుల్లటి చారు పోసి ఇచ్చాడు. జ్యోతి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మింగింది. ఇంకో ముద్ద కలిపింది. కాసేపటికి ఖాళీ కంచం ముందుకు జరిపింది.

"ఇంకింత పెట్టు."

గరిటె నిండా అన్నం తీసి పెట్టాడు. స్వామీ అనుకున్నాడు. ఆమె కడుపునిండా తిన్నాక తనూ కంచం పెట్టుకుని, మిగిలిన ఆ పప్పునే అన్నంలో కలుపుకున్నాడు.

"గట్టిగున్నదా?" అంది జ్యోతి, నవ్వు ఆపుకుంటూ.

"లేదే, మంచిగుంది" అన్నాడు కరకరా నములుతూ.