వేరా చిటికెన వేలు

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఖతార్‌లో, అల్ ఘర్రాఫాలోని మా ఇంట్లో నేను పప్పుకు పోపు పెడుతున్నాను. లోపలి గదిలో నా భార్య వేరా వయోలా వాయిస్తోంది. వయొలిన్‌కు అక్కలాంటిది అది. కాస్త పెద్దది, గొంతు కొంచెం బొంగురు. పాట ఉన్నట్టుండి ఆగింది. మళ్ళీ మొదలై మళ్ళీ అక్కడే ఆగింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. నా చిటికెన వేలు నా మాట వినట్లేదు."

ఎడమచేతి చిటికెన వేలు తీగ మీదికి వెళ్ళకుండా అరచేతిలోకి ముడుచుకుపోతోంది. "ఈ ఇంట్లో ఎవరి మాట ఎవరు వింటున్నారు గనక!" అన్నాను. వేరా నవ్వలేదు. అప్పుడు భయం వేసింది.

వేరాది లెనిన్‌గ్రాడ్. చిన్నప్పటి నుంచి సంగీతం తప్ప మరొకటి ఎరగదు. నేను అక్కడ ఇంజనీరింగ్ చదివే రోజులకే ఆర్కెస్ట్రా ముందు నిలబడి సోలో వాయించేది. పెళ్ళయ్యాక కాకినాడలో మా అమ్మ దగ్గర తెలుగు నేర్చుకుంది. సోవియట్ యూనియన్ విడిపోయి కచేరీలు కరువయ్యాక నా ఉద్యోగం వెంట ఖతార్ వచ్చింది. ఇన్నేళ్ళకు వాళ్ళ ఊరి నుంచి ఫోన్ వచ్చింది, చలికాలంలో సోలో కచేరీ చేయమని. ఆ పిలుపు కోసమే బతికింది మనిషి.

మొదట చూసిన ఆర్థోపెడిక్ డాక్టరు "ఓవర్‌యూజ్" అని, అంటే వాడకం ఎక్కువైందని, వేలు కదలకుండా స్ప్లింట్ కట్టారు. అది విప్పాక వేలు మళ్ళీ ముడుచుకుంది. రెండోసారి వెళ్తే ఎక్స్‌రే, నరాలను పరీక్షించే నర్వ్ కండక్షన్ స్టడీ చేయించి, "ఎవ్రీథింగ్ ఈజ్ నార్మల్" అన్నారు.

"నార్మల్ అయితే తప్పు నాదేనండీ. సాధన చాల్లేదు" అంది వేరా. చెయ్యి మొండికేస్తే నువ్వు అంతకంటే మొండికెయ్యమని నేర్పారు ఆమె గురువులు. సాధన రెట్టింపు చేసింది. కొన్నాళ్ళకు ఉంగరం వేలు కూడా ముడుచుకోవడం మొదలైంది.

పక్క విల్లాలో డ్రైవరు ఓబులేసుది కడప. ఓ సాయంత్రం గేటు దగ్గర ఆపాడు. "ఏం సార్, అమ్మ పొద్దస్తమానం ఒకే ముక్క వాయిస్తా ఉంది? వింటాంటే గుబులైతాంది."

చివరికి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక న్యూరాలజిస్టును కలిశాం. పాత రిపోర్టులు పక్కన పెట్టి, "పరేషాన్ కాకండి మేడమ్. రేపు మీ వయోలా తీసుకొని రండి" అన్నారు.

మర్నాడు ఆయన ముందు వేలు బల్ల మీద ఆడింది, గ్లాసు పట్టుకుంది. తీగ మీద పెట్టగానే ముడుచుకుంది.

"ఫోకల్ డిస్టోనియా. చేతిల ఏం లేదు మేడమ్. మెదడు ఆ వేలికి తప్పు ఆర్డర్ ఇస్తాంది. ఇట్లనే ప్రాక్టీస్ చేసినకొద్దీ ఆ తప్పే పక్కా అయితది."

"మరి కచేరీ?" అంది వేరా.

"ఒప్పుకోకండి."

ఇంటికి రాగానే ఫోన్ చేసి రష్యన్‌లో రానని చెప్పేసింది. ఆ భాష నాకు రాకపోయుంటే బాగుండేదనిపించింది ఆ రోజు.

తరవాత ముంజేతికి కండరాలను సడలించే బొటులినమ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. వేలు తెరుచుకుంది గాని, తీగ నొక్కే బలం పోయింది. మందు పని తగ్గాక మళ్ళీ ముడుచుకుంది. ఆ రోజు వయోలా ముందు కూర్చుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. చాలాకాలం దాన్ని ముట్టుకోలేదు. ఆపైన ఒక థెరపిస్టు దగ్గర పసిపిల్లలా మొదటి నుంచి నేర్చుకుంది: వేలు పెట్టడం, ముడుచుకోబోతే ఆపేయడం.

ఇప్పుడు చుట్టుపక్కల పిల్లలకు వయొలిన్ చెబుతోంది. తన కోసం నెమ్మదైన పాటలు ఒకటి రెండు వాయించుకుంటుంది. సోలో మాట ఇంట్లో ఎవరం ఎత్తం. వేలు మొరాయిస్తే పాట మధ్యలోనే పెట్టె మూసేస్తుంది. ఆ మూత చప్పుడు వింటే, మొండికెయ్యకుండా ఆపిందని నాకు ధైర్యం. పాట ఆగి మళ్ళీ అక్కడే మొదలైతే మాత్రం స్టవ్ కట్టేసి పరుగెత్తుతాను.

మీకు చెప్పేది ఒక్కటే. ఏ పని చేస్తుంటే బాధ బయటపడుతోందో, ఆ పనే డాక్టరు ముందు చేసి చూపించండి. రాసేవారైతే కలం, కుట్టేవారైతే సూది, గుడ్డ పట్టుకెళ్ళండి. మేము మూడుసార్లు ఉత్త చేతులతో వెళ్ళాం.