జవాబివ్వని కొసరు

జగ్గయ్యపేటలో మాది స్టీలు సామాన్ల కొట్టు. బుద్ధెరిగాక చెప్పిన ధరకి ఏదీ కొన్న దాన్ని కాదు, కొన్నాక కొసరు లేకుండా ఇంటికొచ్చిన దాన్నీ కాదు. కరివేపాకు కొసరు అందరూ అడుగుతారు. నేను మందుల షాపులో అడిగి కాస్త దూది తెచ్చుకున్న మనిషిని.

ఆ కొట్టులోనే నాన్న చేసే ఒక పని చూస్తూ పెరిగాను. ముఖం తెలియని మనిషి ఎవరైనా వచ్చి పెళ్లి వంటకు గుండిగలు అద్దెకు అడిగితే, నాన్న ముగ్గురు కొట్టువాళ్లకు వెంటవెంటనే ఫోన్ చేసి, "ఫలానా ఊరి మనిషట, ఎలాంటోడో కనుక్కుని చెప్పండి" అని పెట్టేసేవాడు. జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చునేవాడు కాదు. గుండిగలు దింపించి, అడుగులు కొట్టి చూపించి, బేరం సాగదీసేవాడు. ఈలోగా ఒక్కో ఫోనూ వచ్చేది. మంచి మాటొస్తే మనిషికి టీ వచ్చేది. చెడ్డ మాటొస్తే, "అయ్యయ్యో, ఇవి నిన్ననే వేరేవాళ్లు చెప్పుకున్నారండి" అయ్యేది. ఇద్దరు చెప్పాక మూడోవాడి కోసం ఆగేవాడు కాదు. "వాడు పలికేదాకా కాటా ఆపితే, కొట్టు నిండా నిలబడ్డ జనమే మిగులుతారు" అనేవాడు.

ఇప్పుడు నేను చుట్టుపక్కల వ్యాపారస్తుల ఈమెయిల్ సర్వర్ చూసుకుంటూ బతుకుతున్నాను. చెత్త మెయిళ్లను ఆపే ఫిల్టరూ అదే పని చేస్తుంది. ఉత్తరం రాగానే, పంపినవాడి పేరు చెడ్డదా అని, ఎక్కడెక్కడో ఎవరెవరో నడిపే చెడ్డపేర్ల జాబితాలను ఒకేసారి అడిగి, జవాబులు వచ్చేలోగా ఉత్తరం చదువుతూ ఉంటుంది. చివర్లో వచ్చినవాటిని పోగుచేసుకుని, గడువు దాటినవాటిని వదిలేసి, లోపలికో బయటికో తేలుస్తుంది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ జాబితాల్లో ఉచితంగా జవాబిచ్చేవి బోలెడు. ఉచితం అన్న మాట వింటే నా చెయ్యి ఆగుతుందా? ఉన్నవి చాలుతున్నా, కొసరుగా ఇంకొకటి, ఇంకొకటి కలిపాను. వాటిలో నిదానంగా పలికేవి ఉంటే, వాటి జవాబు కూడా దక్కాలని గడువు పెంచుతూ పోయాను. ఫ్రీగా వచ్చేదాన్ని వదులుకోవడం మా ఇంటావంటా లేదు.

నందిగామలో లారీ ఆఫీసు నడిపే అన్న ఒకాయన నా ఖాతాదారు. నన్ను చెల్లెమ్మా అంటాడు. బేరం రాని మనిషి. నా ఫీజు చెప్పగానే సరేనంటే, నాకే ముఖం చెల్లక తగ్గించి చెప్పాను. ఆయన లారీలు పనిలేక నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని కొంటామని ఎవరో తిరుగుతున్నారు. సిమెంటు ఫ్యాక్టరీ ఏడాది రవాణా పని దొరికితే అమ్మనక్కర్లేదు. రేట్ల మెయిల్ పొద్దున పంపుతామని, మధ్యాహ్నం భోజనాలలోపు ఒప్పుకుంటూ జవాబు పెట్టాలని ఫ్యాక్టరీవాళ్లు చెప్పారు.

ఆ పొద్దున ఆయన ఫోన్. "చెల్లెమ్మా, మెయిల్ రాలా."

"వస్తదన్నా, కంగారు పడబాక."

"వాళ్లు పంపామంటున్నారు తల్లీ!"

ఎదురుగా ఉంటే తిట్లు తగ్గుతాయని బస్సెక్కి, ఒళ్లో లాప్‌టాప్ తెరిచాను. ఎవరి మెయిలూ లోపలికి రావడం లేదు. ఫిల్టర్ ఒకేసారి కొన్ని ఉత్తరాలే పట్టుకోగలదు. పట్టుకున్నవన్నీ ఏదో జవాబు కోసం నిలబడి ఉన్నాయి. కొత్తగా వచ్చినవాటిని గుమ్మంలోనే "తర్వాత రండి" అని తిప్పి పంపుతోంది. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. కాసేపు కదిలి, పరీక్ష హాల్లో పిల్లల్లా మళ్లీ బిగుసుకుపోయింది.

నందిగామలో దిగేసరికి కారణం దొరికింది. నేను అందరికన్నా చివర కలిపిన కొసరు జాబితా. దాన్ని నడిపేవాళ్లు మూసేసుకున్నట్టున్నారు. అవుననదు, కాదనదు, అసలు పలకదు. నేను ధారాళంగా పెంచిన గడువు పొడుగునా ప్రతి ఉత్తరమూ దాని గుమ్మం ముందు పడిగాపులు కాస్తోంది. దాన్ని కొట్టేశాను. గడువు కోసేశాను. మెయిళ్లు బిలబిలమంటూ వచ్చాయి.

అన్నకు రావాల్సిన మెయిల్ మాత్రం రాలేదు.

"అన్నీ వస్తున్నాయన్నావుగా?" అన్నాడు, తన ఆఫీసులో నా భుజం మీదుగా తెరలోకి చూస్తూ.

"నీ మెయిల్‌ని ఇందాక ఫిల్టర్ తిప్పి పంపేసింది అన్నా. వాళ్ల సర్వర్ మళ్లీ ఎప్పుడు తెస్తే అప్పుడే."

"నువ్వు చెప్పు దానికి, తొందరగా తెమ్మని."

ఎవరితోనైనా మాట్లాడగలను గానీ, దాంతో మాట్లాడే నోరు నాకు లేదు. ఫ్యాక్టరీ నంబరు కలిపితే ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. ఎదురు హోటల్లో భోజనాల బోర్డు బయట పెట్టారు. ఆయన వాచీ వైపు చూడటం మానేశాడు. విస్తళ్లు ఎత్తేవేళకు మెయిల్ వచ్చింది, మంచి రేట్లతో. అప్పుడే ఫోనూ కలిసింది.

"సార్, జవాబు ఇప్పుడే పెడుతున్నామండి. సర్వర్ ఇబ్బంది. తప్పు నాది, ఆయనది కాదండి."

"అయిపోయిందండి మేడమ్. ముగ్గురికి ఒకేసారి పంపాం. ఇద్దరు వెంటనే చెప్పారు, లారీలు చాలినయ్. మూడో ఆయన కోసం లోడింగ్ ఆపుకుని కూర్చోలేం కదండీ."

కొట్టులో కూర్చుని మా నాన్న మాట్లాడినట్టే ఉంది. అయినా అడిగాను. "కొన్ని లోడ్లన్నా ఇప్పించండి సార్. పోనీ, వాళ్ల లారీలు చాలని రోజైనా..." అవతల పెట్టేశారు.

నేను మాట్లాడిందంతా అన్న విన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, బస్సెక్కి వచ్చినందుకు ఆ తిట్లన్నా దక్కేవి. టేబుల్ మీది ఫోన్ తీసి, లారీ కొంటామన్నవాళ్లకు చేశాడు.

"ఆ, చూసుకోటానికి రండి. ఇయ్యాలే రండి."

ఫోన్ పెట్టి, కుర్చీ నా వైపు తిప్పాడు.

"చెల్లెమ్మా, సాయంత్రం దాకా ఉండు. రేటు నువ్వు మాట్లాడిపెట్టు. నాకు బేరం చేతకాదు."

సరేనన్నట్టు తలూపి, లాప్‌టాప్ మూశాను.