నీళ్ల బాబాయి అంటించిన మంట

ఆ ఊళ్లో అగ్గిపుల్ల గీయలేని మగాడు ఒకే ఒక్కడు. ఆయన పనిచేసేది ఫైర్ స్టేషన్‌లో. నవ్వొస్తే నవ్వేయండి, ఆయనేమీ అనుకోడు. తగలబడుతున్న ఇళ్లలోకి దూరి మనుషుల్ని భుజాన వేసుకొచ్చిన ఆ మహానుభావుడు, సొంత ఇంట్లో స్టవ్ వెలిగించాలంటే మాత్రం వరండాలోంచి భార్యను కేకేస్తాడు. ఆవిడ పుట్టింటికి వెళ్తే నాలుగు పళ్లు తిని పడుకుంటాడు. ఎక్కడ మంట లేచినా పైపు మూతి పట్టుకుని ముందు నిలబడేది ఆయనే కాబట్టి, పెద్దా చిన్నా అందరికీ ఆయన నీళ్ల బాబాయి. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, ఎవరికి కావాలి?

ఆ స్టేషన్‌కి మంటలార్పడంతో పాటు ఇంకో పని ఉంది. ఊళ్లో బడి మీదా, రేవులో పడవ మీదా, ఆఫీసుల మీదా ఎగిరే జాతీయ జెండాలు ఎండకి వెలిసి, గాలికి చిరిగి, ఇక కుట్టినా నిలవని స్థితికి వచ్చాక, మడతపెట్టి అక్కడికి పంపిస్తారు. పాత గుడ్డే కదా అని పారేయడానికి మనసొప్పదు, మసిగుడ్డ చేయడానికి చేతులు రావు. అందుకని ఏడాదికోసారి స్టేషన్ వెనక పెరట్లో ఇనప చట్రం మీద వాటిని పేర్చి, అందరూ సెల్యూట్ చేసి నిలబడగా, ఒక్క దారప్పోగు మిగలకుండా కాల్చి, బూడిదని గోడ వారన పాతిపెడతారు. అంటించేది ఎప్పుడూ స్టేషన్‌లో అందరికన్నా సీనియర్. చాలా ఏళ్లుగా ఆ పని ఇంజను నడిపే పెద్ద డ్రైవరు చేసేవాడు. నీళ్ల బాబాయి ఎందుకైనా మంచిదని పైపు పట్టుకుని ఆయన వెనకాల నిలబడేవాడు.

నిరుడు పెద్ద డ్రైవరు రిటైరయ్యాడు. చేతులు వణుకుతున్నాయని తనంతట తానే ఇంజను తాళంచెవి అప్పగించేశాడు. ఆయన తరవాత సీనియర్ ఎవరయ్యా అంటే నీళ్ల బాబాయే. గుండెల్లో రాయి పడిందంటే పడదూ మరి!

పులి మీద పుట్రలా అప్పుడే కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. చెడ్డది కాదు, పనిమంతురాలు. వచ్చిన వారంలోనే ఎప్పట్నుంచో మొరాయిస్తున్న పంపు బాగుచేయించింది. కాకపోతే వృథా పని అంటే ఒళ్లు మంట. బీరువా నిండా పాత జెండాలు చూసి, మునిసిపాలిటీ చెత్త కాల్చే కొలిమి ఉండగా మనకెందుకీ తతంగం, చెత్త బండిలో వేసి పంపిస్తే అదీ కాలడమే కదా అంది. ఆ మాట నీళ్ల బాబాయికి మింగుడుపడలేదు. ఆసుపత్రి కట్లూ, కుళ్లిన కూరగాయలూ, వాటి మధ్య జెండాలా? మనిషికి కోపం రావడం అరుదు, వస్తే నోరు పెగలదు. ఎలాగో కూడదీసుకుని, ఈ ఒక్కసారికి మేమే చేస్తాం మేడమ్, సరిగ్గా చేయలేకపోతే అప్పుడు మీ ఇష్టం అన్నాడు. ఆవిడ సరేనంది. అన్న తరవాత తెలిసొచ్చింది బాబాయికి, తన మెడకి తనే ఏం తగిలించుకున్నాడో.

ఇంట్లో చెబితే భార్య పడీ పడీ నవ్వింది. నవ్వి, అగ్గిపెట్టె తెచ్చి చేతిలో పెట్టి ప్రాక్టీసు చేయమంది. పెరట్లో కూర్చుని ఒక్కో పుల్లా గీశాడు. వెలిగిన ప్రతిదాన్నీ ఉఫ్‌మని ఊదేశాడు. చూసి చూసి ఆవిడకి నవ్వు ఆగిపోయింది. అసలు మీ భయమేంటండీ అని నెమ్మదిగా అడిగింది.

"ఎవరో అంటించింది ఆర్పడం వేరు," అన్నాడు ఆయన. "నేనే అంటించింది నా చెయ్యి దాటిపోతే? ఎన్ని ఇళ్లు చూశానే, అన్నీ ఎవరో ఒకరు చిన్నగా అంటించినవే."

ఆవిడ ఖాళీ అయిన అగ్గిపెట్టె తీసుకుని కొత్తది తెచ్చి ఆయన చొక్కా జేబులో వేసింది.

ఆ రోజు రానే వచ్చింది. బాబాయి బూట్లు తళతళలాడేలా తుడుచుకున్నాడు. జెండాలన్నీ తనే మళ్లీ ఒకసారి విప్పి, దులిపి, సాపుగా మడిచి చట్రం మీద పేర్చాడు. జాగ్రత్త మనిషి కదా, నీళ్లు ఎక్కించిన పైపు తెచ్చి తన కాళ్ల పక్కనే పెట్టుకున్నాడు. సిబ్బంది వరసలో నిలబడ్డారు. పెద్ద డ్రైవరు ఓ పక్కన కుర్చీలో, ఆఫీసరమ్మ చట్రానికి అవతలి వైపు. బాబాయి పుల్ల గీశాడు. మొదటిదే వెలిగింది, ఊదలేదు కూడా. అంచు అంటుకుంది. అందరూ సెల్యూట్ చేశారు. అంతవరకూ అంతా బంగారం.

అప్పుడు గాలి వీచి మంట గుప్పున లేచింది. ఆ తరవాత ఏం జరిగిందో బాబాయినడిగితే ఇప్పటికీ చెప్పలేడు. ఆయన బుర్ర సెల్యూట్‌లోనే ఉంది, చేతులు మాత్రం వాటి అలవాటు అవి చూసుకున్నాయి. తెప్పరిల్లేసరికి పైపు చేతిలో ఉంది, మంట ఆరిపోయింది, జెండాలు ముద్దయిపోయాయి, చట్రానికి అవతల ఆఫీసరమ్మ టోపీ నుంచి బూటు దాకా నీళ్లోడుతూ నిలబడి ఉంది. సెల్యూట్ మాత్రం దించలేదు పాపం. వరసలో ఒకడికి నవ్వాగక దగ్గు వచ్చింది.

ఆవిడ ముఖం తుడుచుకుని, రేపు సాయంత్రం చెత్త బండి వస్తుంది, వాటిని సిద్ధంగా పెట్టండి అని మాత్రం అంది. అరిచినా బాగుండేది. బాబాయి తల కొట్టేసినట్టయి అక్కడే చతికిలపడ్డాడు.

చివరికి లేపింది పెద్ద డ్రైవరే. రేపు సాయంత్రం దాకా టైముంది, ఆరాక మళ్లీ అంటిద్దువు గానీ, ముందు ఆరెయ్యరా అన్నాడు. ఎక్కడ ఆరేస్తారు? తడిసిన పైపులు వేలాడదీసి ఆరబెట్టే ఎత్తయిన టవరు ప్రతి ఫైర్ స్టేషన్‌లోనూ ఉంటుంది. చిరిగిన జెండా ఎగరకూడదు కదన్నా అని బాబాయి భయపడ్డాడు. ఎగరెయ్యడం లేదురా, ఆరేస్తున్నాం, అమ్మ చీర ఆరేసినట్టు అన్నాడు ఆయన. బాబాయి ఒక్కొక్కదాన్నీ పిండకుండా, రెండు చేతులా మోసుకెళ్లి, చిరుగు లాగకుండా తాళ్ల మీద వేశాడు. తెల్లారేసరికి గాలి అందుకుంది. టవరు నిండా వెలిసిన రంగులు అటూ ఇటూ కదులుతున్నాయి.

అది వీధంతటికీ కనబడే టవరు. ముందుగా వచ్చింది బడి పెద్ద పంతులమ్మ. కళ్లజోడు సవరించుకుని, పై నుంచి మూడోది మాదే, ఆ మూల రఫూ నేనే చేశాను అంది. ఏటేటా మడిచి పంపించడమే తప్ప అవి ఎక్కడికి వెళ్తాయో ఆవిడ ఏనాడూ అడగలేదట. ఆ సంగతి తలుచుకుని ఆవిడకే సిగ్గేసింది. కాసేపటికి రేవులో పడవ నడిపేవాడు వచ్చి, సగం మాత్రమే వెలిసిన జెండాని గుర్తుపట్టాడు. ఎండ ఎప్పుడూ పడవకి ఒకే వైపు కొడుతుందట. ఆ తరవాత కోర్టు జవాను, ఆయన వెనకాల ఇంకెవరో. ఎప్పుడు కాలుస్తారు, మేమూ వచ్చి నిలబడొచ్చా అని అందరిదీ ఒకటే అడగడం. కిటికీలోంచి ఆఫీసరమ్మ చూస్తూనే ఉంది.

సాయంత్రానికి జెండాలు ఆరాయి. చెత్త బండి కూడా వచ్చి గేటు బయట ఆగి హారన్ కొట్టింది. పెరడంతా జనం. జెండాలు మళ్లీ చట్రం మీదకి చేరాయి. బాబాయి జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు గానీ చెయ్యి ముందుకు రాలేదు. కన్ను పదేపదే కాళ్ల దగ్గరి పైపు మీదకే పోతోంది. పెద్ద డ్రైవరు కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చాడు.

"అన్నా, నీకెలా చేతనయిందన్నా ఇన్నేళ్లు?" అన్నాడు బాబాయి.

"పిచ్చోడా, నాకు మాత్రం భయం లేదనుకున్నావా? వెనకాల నువ్వు పైపు పట్టుకుని ఉన్నావని అంటించాను. మంట నీ చెయ్యి దాటిపోదని నాకు తెలుసు. ఆ పనీ ఈ పనీ ఒక్కడే చేసేది కాదురా." ఆయన తన వణికే చేతులు చూసుకున్నాడు. "ఇవాళ పైపు నేనే పట్టుకుందును, కానీ ఇవి ఇప్పుడు దేనికీ పనికిరావు."

ఇన్నేళ్లూ తనది ఉత్త కాపలా అనుకున్నాడు బాబాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన నీళ్ల మనిషి కదా, ఎవరూ తప్పుపట్టలేదు.

అప్పుడు వెనక నుంచి బూట్ల చప్పుడైంది. ఆఫీసరమ్మ వంగి పైపు అందుకుంది, మూతి నేలకి దించి పట్టుకుని ఆయన వెనకాల కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది.

"నేనున్నాను. మీరు అంటించండి, బాబాయ్ గారూ," అంది.

ఆయన అంటించాడు. గాలి వీచింది, మంట గుప్పున లేచింది, ఆయన చెయ్యి నుదుటి దగ్గరే ఉంది. పంతులమ్మ రఫూ చేసిన మూల ఎర్రగా మెరిసి నల్లబడింది. పడవవాడు టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఎవరూ కదల్లేదు, గేటు దగ్గర చెత్త బండి డ్రైవరు కూడా ఇంజను ఆపేసి దిగి నిలబడ్డాడు. చివరి నిప్పు తనంతట తాను ఆరేదాకా పైపులోంచి ఒక్క చుక్క రాలేదు. బూడిద పాతిపెట్టాక, వచ్చే ఏడు ఏ రోజో ముందే చెప్పమని పంతులమ్మ అడిగితే, బడికి కబురు నేనే పంపిస్తానని ఆఫీసరమ్మ జవాబిచ్చింది. చెత్త బండి మామూలు చెత్త వేసుకుని వెళ్లిపోయింది.

ఇంటికెళ్లేసరికి బాబాయి ఒంటి నిండా పొగ వాసన. సంగతంతా ఊరు ముందే చేరవేసింది. భార్య స్టవ్ మీద టీ గిన్నె పెట్టి పక్కకి తప్పుకుంది. బాబాయి అర్థం చేసుకుని జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. గీసే ముందు ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు.

ఆవిడ చెంబు నిండా నీళ్లతో నిలబడి ఉంది.