ఫోనులో ఢిల్లీ రెండు గంటలే

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. బైబిలు మీద చెయ్యేసి చెప్పమన్నా ఇదే చెబుతాను. నేను ఒడిశా కోరాపుట్‌లో నర్సుని. నైట్ డ్యూటీలు చేసి చేసి నా భయాలన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. అయినా ఆ రాత్రి...

సాయంత్రం కబురొచ్చింది. ఢిల్లీలో మా తమ్ముడు పోయాడు. గుండె. మా ఇళ్లలో పెట్టె మూసేముందు తోడబుట్టిన ఆడది చివరిసారి ముఖం చూసి, తెల్ల రుమాలు కప్పాలి. కప్పాక ఇంకెవరూ తీయకూడదు. వాడికి నేనొక్కదాన్నే అక్కని.

మా మరదలి అన్న ఫోనులో చూశాడట. కోరాపుట్ నుంచి ఢిల్లీ పన్నెండు వందల కిలోమీటర్లు, విమానంలో రెండు గంటలు. పొద్దున్నే వచ్చేస్తుందిలే అని పదింటికి సమాధి పెట్టించేశాడు. ఓరి నాయనా! విమానం మా పెరట్లో ఎక్కుతామా? విశాఖ దాకా ఘాట్ రోడ్డులో పడి ఆరు గంటలు పోవద్దూ? ఆ మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఆరున్నర విమానానికి టికెట్ దొరికింది. పదకొండున్నరకు కారెక్కాను. డ్రైవరు సింహాచలం మా వీధివాడే. పొట్టంగి దాటి ఘాట్ దిగడం మొదలెట్టేసరికి ఒంటిగంట. మంచు. ఫోనులో సిగ్నల్ పోయింది. లైటు వెలుగులో కిలోమీటరు రాయి కనిపించింది... సాలూరు 24.

కాసేపటికి ఇంకో రాయి... సాలూరు 24.

"అమ్మగారూ, ఈ రాయి ఇందాకే దాటేం కదేటి?"

"ఇంకోటేమోరా. నువ్వు పోనీ ముందు."

"ఉన్నది ఒకటే రోడ్డండి. బండి ఎనక్కి తిప్పడానికి సోటే లేదు."

మూడోసారి అదే రాయి దగ్గర బండి దానంతటదే నెమ్మదించింది. కీచురాళ్లు ఆగిపోయాయి... ఇంజను చప్పుడు కూడా లేదు... అప్పుడొచ్చింది వాసన. రోజా సెంటు. పెట్టెలో చల్లుతారే, అదే. నా కుడిచెయ్యి చల్లబడింది... వేళ్ల కింద మెత్తగా గుడ్డ... గుడ్డ కింద గట్టిగా... ముక్కు. మనిషి ముక్కు. నేను నిద్రపోలేదు. చెబుతున్నానా, నిద్రపోలేదు!

"యేసయ్యా!" అని అరిచాను. ఇంజను చప్పుడు మళ్లీ వినిపించింది. తర్వాతి రాయి సాలూరు 23. టైము చూస్తే మూడూ పది. రెండు గంటలు ఎటు పోయాయో సింహాచలానికీ తెలియదు.

విశాఖ చేరేసరికి విమానం వెళ్లిపోయింది. ఇంకోటి మధ్యాహ్నమే. మరదలికి ఫోను చేశాను.

"మద్దేనం దాకా ఆగండే తల్లీ! ఆడి మొకం సూడాల నేను."

మరదలు ఏడుపు ఆపి అడిగింది.

"అదేటి వదినా? మూడింటికి వచ్చేరు కదా. రుమాలు కప్పేరు. అందరం సూసేం. నాతో ఒక్క మాటైనా ఆడకుండా ఎలిపోయేరేటి?"

"నేను ఘాట్లో ఉన్నానే! నా రుమాలు నా సంచిలోనే ఉంది!"

ఒక్కసారి రుమాలు ఎత్తి వీడియోలో చూపించమని ఏడ్చాను. కాళ్లు పట్టుకుంటానన్నాను. దాని అన్న ఫోను లాక్కున్నాడు.

"కప్పింది మీరే కదండీ. కప్పేక తియ్యకూడదన్నది మీ ఇంటి పద్ధతే కదా."

పదింటికి పెట్టె మూసేశారు.

ఇంటినిండా జనం నన్ను చూశామంటారు. వెళ్లింది ఎవరో నాకు తెలియదు. నేనే వెళ్లానంటే... మరి వాడి ముఖం నాకెందుకు గుర్తులేదు?