బాబుపేట్ మలుపులో మిగ్-25

తెలంగాణ ఏర్పడిన ఏడాది, సరిహద్దుకు అవతల పక్క రాష్ట్రంలో ఉన్న మా బాబుపేట్‌లో తెలుగువాళ్లందరూ ఆ గీతల గురించి వాదించుకుంటుంటే, నేను మా గణపతి మండలి ఊరేగింపు కోసం వెదురు బద్దలతో, రేకులతో మిగ్-25 కట్టాను. ధ్వనికి దాదాపు మూడింతల వేగంతో ఎగురుతూ ఫోటోలు తీసిన మన వాయుసేన నిఘా విమానం అది. బొగ్గుగనిలో సర్వేయరుగా భూమి కింద బతికినవాడికి అంతకన్నా ఎత్తైన మోజు ఏముంటుంది?

"అదీ రిటైరైంది, నువ్వూ రిటైరైనవ్. జోడీ మంచిగ కుదిరింది," అనేది మా ఆవిడ.

నిమజ్జనం రోజు ట్రాలీ మీదికెక్కిన నా మిగ్, డోలు దెబ్బలకు నత్తలా కదిలి, మొదటి గల్లీ మలుపులోనే ఇరుక్కుంది. సర్వేయరు గారు రెక్కలు కొలిచారు గాని గల్లీని కొలవలేదు!

"అన్నా, ఎనక జనం ఆగిండ్రు. రెక్కలు కోసేద్దాం," అంటూ మండలి అధ్యక్షుడు రంపం తెప్పించాడు. నేను రెక్కను రెండు చేతులా పట్టుకున్నాను.

మా ఆవిడ ముందుకొచ్చింది. "కోసుడేంది? మలుపుల విమానం పక్కకు ఒరుగుతదని ఈయన దినాం చెప్తనే ఉంటడు. గట్లనే ఒరగబెట్టుండ్రి!"

తాళ్లు విప్పి నలుగురం పక్కకు వంచాం. ఒక రెక్క ఆకాశానికి, ఒక రెక్క నేలకు పెట్టి, అచ్చం అసలు విమానంలా మలుపు తిరిగింది నా మిగ్. మేడల మీంచి చప్పట్లు, గులాల్! వెడల్పైన పెద్ద రోడ్డెక్కాక అవసరమే లేకపోయినా, జనం అడిగారని ఇంకో రెండుసార్లు ఒరగబెట్టాం. ముందు నడుస్తూ చేత్తో సైగలు చేసింది మా ఆవిడే.