గుంపులో పసుపు స్వెటర్

చిట్టెమ్మ గారి చేతి స్వెటర్ తొడుక్కోని పిల్లలు ఆ వీధిలో లేరంటే అది కొంచెం ఎక్కువే అవుతుంది గానీ, మరీ అబద్ధం మాత్రం కాదు. "హైదరాబాదులో చలెక్కడుందండీ, రెండు నెలల ముచ్చట!" అని ఎవరైనా అన్నారా, ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. "సాయంత్రం పూట ఆ యూనివర్సిటీ చెట్ల కింద కాసేపు నిలబడి రండి, అప్పుడు మాట్లాడదాం" అనేది. తార్నాక వాళ్ళకు ఆ చెట్ల కింది చలేమిటో తెలుసు కనుక ఇంకేమీ అనేవారు కాదు.

ఆవిడ పుట్టింది తెనాలి పక్కన ఓ పల్లెటూళ్ళో. అక్కడ చలేస్తే దుప్పటి కప్పుకోవడమే తప్ప ఊలు మాటే ఎరగరు. పెళ్ళయి లాలాగూడ రైల్వే క్వార్టర్సుకు వచ్చాక, పక్కింట్లో డోరతీ అని ఆంగ్లో ఇండియన్ గార్డు గారి భార్య ఉండేది. ఆవిడకు తెలుగు రాదు, ఈవిడకు ఇంగ్లీషు రాదు. అయితేనేం, మధ్యాహ్నాలు ఇద్దరూ గడప మీద కూర్చునేవారు. ఆవిడ సూది ఎత్తితే ఈవిడ ఎత్తడం, ఆవిడ దారం తిప్పితే ఈవిడ తిప్పడం, తప్పు పోతే ఇద్దరూ పడీ పడీ నవ్వడం. అలా ఒక్క మాటా లేకుండానే విద్య పట్టుబడింది. భర్త సూర్యనారాయణ గారు రిటైరయ్యాక తార్నాకలో ఇల్లు కట్టి, ఆ ఇంట్లో కొన్నేళ్ళే ఉండి, కన్ను మూశారు. బ్యాంకులో పనిచేసే కొడుకు వెంకటకృష్ణ, కోడలితో ఇప్పుడు ఆ ఇంట్లోనే ఆవిడ ఉండడం.

అల్లడం ఎవరైనా అల్లుతారు, ఎంచడంలోనే ఉంది అసలు సంగతి అనేది చిట్టెమ్మ గారు. దసరా వెళ్ళీ వెళ్ళగానే సుల్తాన్ బజార్లో ఊలు కొట్టు గడప ఎక్కేది. ఉండను లైటు కింద చూడదు, వీధిలోకి పట్టుకొచ్చి ఎండలో చూస్తుంది. చెంపకు రాసుకుంటుంది. కావలసిన ఉండలన్నీ ఒకే లాటులో రంగు వేసినవి కావాలని కొట్టువాడి ప్రాణం తీస్తుంది. లాటు మారితే రంగూ మారుతుంది కదా, ఒళ్ళొక రంగూ చెయ్యొక రంగూ అయితే అది స్వెటర్ కాదు, పగటివేషం. బండి నడిపేవాడికి రొమ్ము దగ్గర బిగువైన అల్లిక. చదువుకునేవాడికి వేళ్ళు కప్పేంత పొడుగు చేతులు. లావుపాటి వాళ్ళకు అడ్డగీతలు వద్దేవద్దు. "పసిపిల్లల మెడకు గుచ్చుకునే ఊలు కొనేవాళ్ళను జైల్లో వెయ్యాలి" అనేది. ఈ విషయంలో ఆవిడ దగ్గర దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు.

ఆ ఇంటి డాబా మీద గదిలో మల్లన్న అని ఒక కుర్రాడు అద్దెకు ఉండేవాడు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. జనగామ దగ్గర ఓ పల్లె, గొర్రెల కాపరుల ఇల్లు. వచ్చిన మొదటిరోజే "ఏం అవ్వా, తిన్నవా?" అన్నాడు. చిట్టెమ్మ గారికి చురుక్కుమంది. "అవ్వేమిట్రా, నేనేమన్నా కర్ర పట్టుకుని తిరుగుతున్నానా!" అని కసిరింది. వాడు నవ్వి, మర్నాడు మళ్ళీ అవ్వా అనే పిలిచాడు. వారం తిరిగేసరికి వాడు పిలవకపోతే ఆవిడకు కాఫీ దిగడం మానేసింది.

ఆవిడ అల్లుతున్న ఉండను ఒకసారి చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు. "గొర్రె మొఖం సూడని ఉన్ని గిది అవ్వా! మా అమ్మ సూస్తె నవ్వుతది."

"మీ అమ్మకు స్వెటర్ అల్లడం వచ్చా?"

"రాదు. గొంగడి నేత్తరు మా ఇంట్ల. మా అమ్మ ఉన్ని వడుకుతది."

"అయితే నోరు మూసుకో" అంది చిట్టెమ్మ గారు, కానీ ఆవిడకు లోలోపల ఆ మాట ముచ్చటేసింది. ఊలు గురించి మాట్లాడే మగపిల్లాడు ఇన్నేళ్ళలో దొరకలేదాయె.

ఆ ఏడు చలికాలంతో పాటే తెలంగాణ ఉద్యమం కూడా క్యాంపస్‌లో ఒక్కసారిగా రాజుకుంది. రోజూ ఊరేగింపులు, బందులు. గేటు దగ్గర పోలీసులు, ఇనప కంచెలు, మధ్యాహ్నం వేళ కళ్ళు మండే పొగ. ఆ పొగ తార్నాక దాకా వచ్చి చిట్టెమ్మ గారి బాల్కనీలో ఆరేసిన చీరలకు కూడా పట్టేది. మల్లన్న పొద్దున వెళ్తే ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు. ఆవిడ టీవీ ముందు కూలబడేది. తెర నిండా కుర్రాళ్ళు. అందరివీ అవే మాసిన చొక్కాలు, అవే నల్లటి తలలు. పరిగెత్తుతున్నారు, పడుతున్నారు, లేస్తున్నారు. వీళ్ళలో మనవాడేడీ?

బందు లేని రోజు చూసుకుని ఆవిడ సుల్తాన్ బజార్ వెళ్ళింది. మగపిల్లలకు ఆవిడ ఎప్పుడూ బూడిద రంగో, నేవీ బ్లూనో తప్ప కొనేది కాదు. ఆ రోజు మాత్రం నిండుగా విరిసిన బంతిపువ్వు రంగు ఊలు ముందేసుకుని, దాన్ని వీధిలోకి తెచ్చి చూసి, కొట్టు గడప మీద పెట్టి, రోడ్డుకు అవతల పక్కకు వెళ్ళి నిలబడి మరీ చూసింది. కొట్టువాడు కూడా వింతగా చూశాడు. అక్కణ్ణించి కూడా ఉండ భేషుగ్గా కనిపించింది. అదే కావాలి. ముందు భాగంలో రెండు లావుపాటి జడలు వచ్చే అల్లిక ఎంచుకుంది. ముఖం తిప్పుకున్నా, జడలు కనిపిస్తే చాలు, పోల్చుకోవచ్చు.

"పెండ్లికొడుకు లెక్కున్నది గద అవ్వా!" అన్నాడు మల్లన్న తొడుక్కుని. విప్పలేదు.

వెంకటకృష్ణకు ఇదంతా సుతరామూ నచ్చలేదు. "మనల్ని పొమ్మంటున్న వాళ్ళకు స్వెటర్లు అల్లి పెడుతున్నావా అమ్మా?" అన్నాడు అన్నం దగ్గర.

"వాడు నన్ను పొమ్మన్లేదు. తిన్నావా అన్నాడు" అంది ఆవిడ. "నువ్వు అడిగావా ఇవాళ?"

వెంకటకృష్ణ పప్పులో నెయ్యి కలుపుకున్నాడు.

అప్పటినుంచీ సాయంత్రాలు చిట్టెమ్మ గారికి తేలికయ్యాయి. టీవీ పెట్టగానే బంతిపువ్వు వెతుక్కునేది. "అదిగో! కనిపించాడు, కనిపించాడు! నిక్షేపంలా ఉన్నాడు!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. వాడు ఏం అరుస్తున్నాడో, ఎందుకు అరుస్తున్నాడో ఆవిడకు పట్టలేదు. రెండు కాళ్ళ మీదా నిలబడి ఉన్నాడు, అంతే చాలు.

ఒక సాయంత్రం టీవీలో వాడు ఎప్పటిలాగే కనిపించాడు. ఆవిడ చప్పట్లు కొట్టబోయింది. ఇంతలో టీవీవాళ్ళు ఆ బొమ్మను అక్కడే ఆపి, పసుపు స్వెటర్ చుట్టూ ఎర్రగా గుండ్రటి గీత గీశారు. చెయ్యి ఎత్తి ఉంది, చేతిలో ఏదో ఉంది. రాళ్ళు విసిరిన ఈ యువకుడెవరో పోలీసులు వెతుకుతున్నారని చెప్పి, అదే బొమ్మను మళ్ళీ వేశారు. మళ్ళీ వేశారు.

చిట్టెమ్మ గారి చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. తనకు కనిపిస్తే చాలనుకుంది. తనకు కనిపించేది లోకానికంతటికీ కనిపిస్తుందని తట్టనే లేదే! కేసు పడితే వాడికింక ఉద్యోగమేమిటి, బతుకేమిటి? చేజేతులా గుంపులోంచి ఏరి, ఇదిగో వీడేనని చూపించినట్టు అయిపోయింది.

దీపాలు పెట్టే వేళకు మల్లన్న వెనక సందులోంచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "రాయి కాదవ్వా, నీళ్ళ సీస. ఒక పోరనికి కండ్లు మండుతుంటె ఇసిరిన" అన్నాడు. ఫోను కూడా ఆ ఉరుకులాటలో ఎక్కడో పడిపోయిందట.

"సీసో, రాయో, టీవీలో రాయిలాగే ఉంది. ముందు విప్పు దాన్ని."

"ఉండనియ్యవ్వా..."

"విప్పమన్నానా!" అని తనే మెడ దగ్గర పట్టి లాగింది. వాడి తల బయటికొచ్చేసరికి ఆవిడ ఏడుస్తోంది. వారాసిగూడలో ఇమ్మానుయేల్ అని వాడి స్నేహితుడి గది ఉంది. అక్కడికి వెళ్ళి కొన్నాళ్ళు గడప దాటవద్దంది. గుమ్మంలో అంతా వింటూ నిలబడ్డ వెంకటకృష్ణ లోపలికెళ్ళి, స్కూటర్ తాళం తెచ్చి, తన కోటు వాడి భుజాన వేశాడు. "కూర్చో పద. హెల్మెట్ పెట్టుకో" అన్నాడు.

మర్నాడు పొద్దున చిట్టెమ్మ గారు వరండాలో ఎండలో కూర్చుని స్వెటర్ విప్పుతోంది. కుట్లు కత్తిరించి, మెడ దగ్గర ముడి తీస్తే చాలు, జడలు జడలుగా ఊడి వచ్చేస్తుంది. అల్లడానికి ఎంత ఓపిక కావాలో, విప్పడానికి అంత గుండె కావాలి. వీపు అయిపోయింది, రొమ్ము అయిపోయింది, ఒక చెయ్యి అయిపోయింది. ఇంతలో గేటు చప్పుడైంది. కానిస్టేబుల్. నేమ్‌ప్లేటు మీద వీరస్వామి అని ఉంది. చేతిలో ఫొటో కాయితం. ఆవిడ గబుక్కున విప్పకుండా మిగిలిన స్వెటర్ చేతిని తొడ కింద పెట్టుకుంది.

"అమ్మా, గీ ఇంట్ల స్టూడెంట్లెవరన్న కిరాయికుంటున్నరా? మీదెవరుంటరు?"

"పైన నీళ్ళ ట్యాంకు ఉంటుంది బాబూ" అంది చిట్టెమ్మ గారు.

అతను ఫొటో చూశాడు. ఆవిడ ఒళ్ళో పసుపు ఉండను చూశాడు. ముడతలు ముడతలుగా కుప్పపడ్డ దారం చూశాడు. ఆవిడ చేతులు ఆపలేదు, చుడుతూనే ఉంది. కోడలు తెచ్చిన మంచినీళ్ళు అతను నిలబడే తాగి, గ్లాసు గోడ మీద పెట్టాడు.

"మంచిగ అల్లుతరనుకుంట అమ్మా మీరు" అన్నాడు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించాడు. "కింద ఉన్న ఆ చెయ్యి గూడ జల్ది ఇప్పెయ్యిండ్రి."

అతను వెళ్ళగానే ఆవిడ తొడ కిందిది బయటికి తీసింది. ఆ చేతిని కూడా విప్పేసింది. ఇంక టీవీలో పసుపు స్వెటర్ లేదు. ఆవిడ నిశ్చింతగా ఉండాలి. ఉండలేకపోయింది, అది వేరే సంగతి.

కొన్నాళ్ళకు, బందుల మధ్య బస్సులు తిరిగిన ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒకామె సంచి చంకన పెట్టుకుని వీధి వీధంతా అడుగుతూ వచ్చింది. పాదాల నిండా దుమ్ము. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మల్లన్న గీడనే ఉంటడన్నరు. నేను ఆని తల్లిని, కాశమ్మను. ఉన్నడా అమ్మా? ఉన్నడా, లేడా?"

"ఉన్నాడు తల్లీ, నిక్షేపంగా ఉన్నాడు! లోపలికి రా!"

కాశమ్మ లోపలికి రాలేదు. ఉన్నచోటే చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చిట్టెమ్మ గారు పక్కన కూర్చుని వీపు రాస్తుంటే, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. "సర్పంచి ఇంట్ల టీవీ ఉన్నది. దినాం పొద్దుగూకంగ పోయి కూసునేదాన్ని. అందరు పోరగాండ్లు ఒక్కతీర్గనే ఉంటరు గద. పసుపు సూటరు కనవడంగనే, ఆడున్నడు నా కొడుకు అని ఇంటికొచ్చి బువ్వ తినేదాన్ని. మా అవ్వ అల్లిచ్చిందే అని ఫోన్ల చెప్పిండు. ఇగ ఒకనాటి సంది సూటరు లేదు. ఫోను కలుస్తలేదు. నా బిడ్డను ఏం జేసిండ్రో అని..."

తను టీవీ ముందు చప్పట్లు కొట్టిన సాయంత్రాలన్నీ ఇంకొక తల్లి ఇంకొక ఊళ్ళో అదే రంగు వెతుక్కుందా! తను విప్పిన ప్రతి వరుసా అక్కడ ఆ తల్లి ప్రాణంలోంచి లాగినట్టేనా! "నేనే తీసేశానమ్మా. తొడిగిందీ నేనే, విప్పిందీ నేనే. వాణ్ణి దాచానే గానీ, నీకు కబురు పంపాలని తోచలేదు. నా బుద్ధి మండిపోను!" అని ఆవిడా ఏడ్చింది.

మల్లన్నను తీసుకురావడానికి వెంకటకృష్ణ అప్పటికే స్కూటర్ మీద వెళ్ళాడు. మల్లన్న వచ్చి, "నీ నంబరు ఆ ఫోన్లనే పోయిందే అమ్మా" అని ఏదో చెప్పబోయాడు. కాశమ్మ వినిపించుకోలేదు. వాడి భుజాలు, చేతులు, మెడ తడిమి తడిమి చూసింది. అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక వీపు మీద ఒక్కటి వేసింది. ఆ తర్వాత వాడికి కలిపిపెట్టి, తనూ తిన్నది.

భోజనాలయ్యాక చిట్టెమ్మ గారు తన ఊలు పెట్టె తెచ్చి కాశమ్మ ముందు తెరిచింది. ఎర్రవి, ఆకుపచ్చవి, ఊదావి, నెమలికంఠం రంగువి. చుట్టలు చుట్టిన ఆ పసుపు ఊలు కూడా అందులోనే ఉంది. "వాడికి మళ్ళీ ఒకటి అల్లాలి. చలి ఇంకా పోలేదు. ఈసారి రంగు నువ్వు చెప్పు. నీకు టీవీలో ఏది బాగా కనిపిస్తుందో అదే అల్లుతాను. పోలీసుల సంగతి ఆ పైవాడే చూసుకుంటాడు."

కాశమ్మ చాలాసేపు చూసింది. పసుపు ఉండ తీసి, బుగ్గకు ఆనించుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. అట్టడుగున మట్టిరంగు ఊలు ఉంటే, ఉండ తర్వాత ఉండ తీసి చిట్టెమ్మ గారి ఒళ్ళో పెట్టింది.

"గిది అల్లుండ్రి అమ్మా. మందల ఒక్క గొర్రె మీద గుర్తు వెడితె మాకు మంచిగ కనవడ్తది. తోడేలుకు గూడ కనవడ్తది. మందల కలిసిపోనీ నా బిడ్డను." పెట్టె మూత వేసింది. "నాకు గూడ కనవడకుంటె మానె. ఉంటె సాలు."

చిట్టెమ్మ గారు కళ్ళు తుడుచుకుని, "మల్లన్నా, ఇలా వచ్చి నిలబడు" అని పిలిచి, వాడి ఛాతీ కొలత మళ్ళీ తీసుకుంది.