గోల్ ముందు గుమ్మడికాయ

మొన్న ఆదివారం మా మరిది సత్యం మీద గోల్ వేసింది శృంగవరపుకోట జట్టు కాదు, నేను. ఎలాగో చెబుతాను, వినండి.

మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఇన్నాళ్ళూ సంత పక్కనున్న బీడే గ్రౌండు. గోల్‌కి మా మామగారు పాతించిన రెండు తాటిదుంగలు. గేదెలు అడ్డమొస్తే ఆట ఆగేది. ఇప్పుడు కొత్త స్టేడియం కట్టారు. సిమెంటు మెట్లు, ఇనప గేటు, పచ్చగడ్డి, గోల్‌కి తెల్లరంగు గుంజలు, వెనక వల. మా ఆయన క్లబ్బు సెక్రెటరీ కాబట్టి ఇంట్లో వేరే మాటే లేదు.

కమిటీ వాళ్ళు ఒక మెలిక పెట్టారు. కొత్త స్టేడియానికి సత్యం బదులు కొత్త గోల్‌కీపరుంటే బాగుంటుందని సాలూరులో ఒకతన్ని చూసి ఉంచారట. మొదటి మ్యాచ్‌లో సత్యం ఎలా ఆడతాడో చూసి తేలుస్తామన్నారు. వాడు నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆరేళ్ళప్పటి నుంచి నా చేతుల్లో పెరిగినవాడు, నాకు మనసాగలేదు.

రామతీర్థం రాముడికి మొక్కుకున్నాను. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! కొత్త ఇంట్లోకి వెళ్ళేముందు గుమ్మంలో దిష్టి తీసి గుమ్మడికాయ కొడతాం కదా, వీడికి ఆ గోలే గుమ్మం అనుకున్నాను. మ్యాచ్‌కి ముందు లోపలికెళ్ళి, సత్యాన్ని నిలబెట్టి, బూడిదగుమ్మడికాయ మూడుసార్లు తిప్పి, గోల్‌గీత మీద కుడి గుంజ దగ్గర మా ఆయన చేత కొట్టించాను.

ముక్కలు తీయించమన్నారు రిఫరీ గారు. గ్రౌండు చూసుకునే అప్పన్న చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

"దిష్టికాయ ముట్టుకుంటే ఆ దిష్టి నాకంటుకోదేటి బాబూ?"

రిఫరీ గారు కాసేపు ఆ ముక్కలకేసి చూసి, తానూ చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు.

పావుగంటకి కోటవాళ్ళ బంతి ఒకటి, పెద్ద వేగం కూడా లేదు, దొర్లుకుంటూ కుడి గుంజ వైపొచ్చింది. సత్యం రెండడుగులు వేసి ముక్కల ముందు ఆగిపోయాడు. బంతికి అలాంటి పట్టింపులేమీ లేవు, లోపలికెళ్ళిపోయింది. మా ఆయన నావైపు చూడలేదు. నాకు అదే ఎక్కువ భయమేసింది.

ఇంటర్వెల్‌లో వెళ్ళి, ఎందుకాగిపోయావురా అని అడిగాను.

"దిష్టికాయ దాటకూడదని సిన్నప్పటినుంచీ నువ్వే కదేటి సెప్పినావు, వదినా. ఎలా దాటతాను?"

నా పెంపకం మరీ బాగుంది.

తర్వాత జట్లు వైపులు మారాయి. కోట గోల్‌కీపరు ఆ ముక్కల్ని చూసి, రెండో గుంజ పక్కకి సర్దుకున్నాడు. వాళ్ళింట్లోనూ నాలాంటి వదినుంది కాబోలు. మావాళ్ళు బంతిని సరిగ్గా ముక్కల వైపే తన్నారు. చెరో గోల్! అప్పుడు వాళ్ళ కెప్టెన్ ఇద్దరిని తెచ్చి ఆ ముక్కల ముందే కాపలా పెట్టాడు. ఇవతలి గోల్‌లో సత్యం వచ్చిన ప్రతి బంతీ పట్టాడు. ఆట సమంగా ముగిసింది.

కమిటీ సత్యాన్నే ఉంచింది. వాడి వదిన మాత్రం మెట్ల మీదే కూర్చోవాలని తీర్మానం రాసుకుంది.

నిన్న గేటుకి బోర్డు పెట్టారు: "లోపలికి గుమ్మడికాయలు తేరాదు." స్టేడియం కట్టించిన పెద్దల పేర్లు చెక్కిన రాయి ఇంకా రాలేదు. నాది మాత్రం వచ్చేసింది.